కర్నూలు, కడప విశ్వవిద్యాలయాల స్మారక పతకాల గురించి తీర్మానం

కర్నూలు, కడప ఉమ్మడి జిల్లాల కళాశాలల్లో చదివినవారు, వాటిలో పాఠాలు చెప్పి రిటైరైనవారు కడపలో సమావేశమై, చర్చించి, కొన్ని సవరణలతో ఆమోదించిన తీర్మానం ఇది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల, అన్నమయ్య జిల్లాలుగా విడివడిన ప్రాంతాలు కూడా ఇందులో ‘మన జిల్లాలు’ అన్న మాటలో చేరినట్టే లెక్క.

పూర్వాపరాలు

ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డిగారు 1866 నాటి కరువులో తన గాదెలు తెరిచి ఆకలిగొన్న జనానికి కూడు పెట్టారనీ, ఆ సంగతి సీమ దాటి ఇంగ్లండు దాకా పోయి విక్టోరియా రాణి పేరిట ఆయనకు బంగారు పతకం వచ్చిందనీ ఈ సమావేశం గుర్తు చేసుకుంటున్నది. ఆ పతకాన్ని కళ్లారా చూసినవారు తక్కువ. ఆయన మీద జనం కట్టుకున్న పాట విన్నవారు మాత్రం కర్నూలు పల్లెల్లో తరతరాలుగా ఉన్నారు. ఆయన ఎవరో, ఏం చేశారో చెప్పే పని పతకం కంటే పాటే ఎక్కువ చేసింది. విశ్వవిద్యాలయాలు ఇచ్చే స్మారక పతకాలకు అలాంటి పాట ఉండదు. పాటకు బదులు ఉండవలసిన కాగితమైనా చాలాచోట్ల కనబడదు. ఈ తీర్మానం పుట్టింది ఆ లోటు దగ్గర.

స్నాతకోత్సవంలో జరిగేది అందరం చూసిందే. ‘ఫలానావారి స్మారక బంగారు పతకం’ అని మైకులో చదువుతారు. విద్యార్థి గౌను సర్దుకుంటూ మెట్లెక్కుతుంది, కులపతి చేతుల మీదుగా డబ్బీ అందుకుంటుంది, ఫొటో దిగుతుంది. కిందికి వచ్చాక ‘ఆ ఫలానావారు ఎవరమ్మా?’ అని తల్లి అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు. తప్పు ఆ పిల్లది కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. పతకానికి నిధి ఇచ్చిన కుటుంబం ఊరు మారిపోయి ఉంటుంది, దరఖాస్తు కాగితాలు పాత బీరువాలో ఉంటాయి, ఆ సెక్షన్‌లో పనిచేసినవారు రిటైరై ఉంటారు. ముప్పై ఏళ్లు గడిస్తే స్మారకం అన్న మాట మిగులుతుంది, స్మరించవలసిన మనిషి మిగలడు.

మన జిల్లాలకు విశ్వవిద్యాలయాలు ఆలస్యంగా వచ్చాయన్న సంగతిని కూడా ఈ సమావేశం దృష్టిలో పెట్టుకున్నది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినా, మన జిల్లాలున్న దత్తమండలాల కళాశాలలు చాలాకాలం మద్రాసు విశ్వవిద్యాలయంతోనే ఉన్నాయి. 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని రాసుకున్నారు. అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చింది 1981లో. నడుమ 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది, 1954లో విశ్వవిద్యాలయం తిరుపతికి పోయింది. 1956లో రాజధాని కూడా హైదరాబాదుకు వెళ్లిపోయింది. కడపలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రం ఉండేది, అది 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. కర్నూలులో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రం 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయమైంది. ఆ తర్వాత కర్నూలుకు డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం, క్లస్టర్ విశ్వవిద్యాలయం, కడపకు డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చాయి.

దీనివల్ల ఒక చిక్కు ఉంది. మన పిల్లలు అందుకున్న పతకాల చరిత్ర ఒకచోట లేదు. తాతల కాలపు పతకాలు మద్రాసు విశ్వవిద్యాలయం క్యాలెండర్లలో వెతుక్కోవాలి, తండ్రుల కాలపువి తిరుపతి, అనంతపురం రికార్డుల్లో చూడాలి, పిల్లలవి మాత్రమే కర్నూలు, కడపల్లో దొరుకుతాయి. వయసులో చిన్న విశ్వవిద్యాలయాలకు వారసత్వం ఏమిటన్న ప్రశ్న చర్చలో వచ్చింది. భవనాలు కొత్తవే గాని చదువు కొత్తది కాదని ఈ సమావేశం అభిప్రాయపడింది. డాక్టర్ అబ్దుల్ హఖ్‌గారు నెలకొల్పిన కర్నూలు ఉస్మానియా కళాశాల 1947 నాటిది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన గుర్తుగా 1972లో కర్నూలులో పెట్టిన సిల్వర్ జూబిలీ కళాశాల అయితే పుట్టుకతోనే స్మారకం. పాతికేళ్ల పండుగకు విగ్రహమో స్తంభమో కాక కళాశాల దక్కిన ఊరు స్మారకాలంటే ఏమిటో కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

గుండె మీద పెట్టుకున్న చిన్న బిళ్ల ఒక మనిషి బతుకును ఎంతగా మార్చగలదో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితం చెబుతుంది. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమహేంద్రవరం వచ్చిన రోజుల్లో అక్కడి విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. కళాశాల ప్రిన్సిపాల్‌కు అది నచ్చలేదు. ఆ విద్యార్థులకు ముందు నిలిచిన గాడిచర్లను ట్రైనింగ్ కళాశాల నుంచి వెళ్లగొట్టారు. మరుసటి ఏడాది ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన రాతలకు జైలుకు పోయారు. బయటికి వచ్చాక గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ బతుకంతా పెట్టారు. కళాశాల ఆయనకు ఏ పతకమూ ఇవ్వలేదు, ఆయన పెట్టుకున్నదాన్ని నేరమన్నది. మన విశ్వవిద్యాలయాల పతకాల పట్టికలో చేరదగిన పేరు వెతికితే ముందుగా తగిలేది ఇలాంటివారే.

పండితుణ్ణి సత్కరించడం మనకు బయటినుంచి వచ్చిన అలవాటు కాదు. పెద్దన కాలికి రాయలు గండపెండేరం తొడిగాడనీ, శ్రీనాథుడికి ప్రౌఢదేవరాయలు కనకాభిషేకం చేశాడనీ తరాలుగా చెప్పుకుంటున్నాం. వాటికంటే ఈ విషయానికి దగ్గరగా ఉన్నది నంద్యాల సంగతి. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ కావ్యాన్ని నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. ఆ రాజు పేరును ఈనాటికీ తెలుగు ఎం.ఏ. విద్యార్థి చదువుతున్నాడంటే అది సూరన చలువ. దాత పేరు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది, దానం వల్ల జరిగిన పనికి ఎంత విలువ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పతకానికి తండ్రి పేరో తాత పేరో పెట్టమని నిధి తెచ్చే మన ఊరివారికి ఈ సంగతి మర్యాదగా చెప్పవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలదని ఈ సమావేశం భావిస్తున్నది. అయినవారి పేరు పెట్టడం తప్పేమీ కాదు. ఆశుతోష్ ముఖర్జీ తన తల్లి జగత్తారిణి పేరు మీద కలకత్తా విశ్వవిద్యాలయంలో పతకం పెట్టారు, దాన్ని 1921లో మొదటగా అందుకున్నది రవీంద్రనాథ్ ఠాగూర్. తల్లి పేరు వంగదేశమంతా తెలిసింది, అందుకున్నవారి స్థాయి వల్ల.

ఇక లోహం సంగతి. బంగారు పతకం అని పిలిచేది చాలా సందర్భాల్లో బంగారు పూత మాత్రమేనన్నది రహస్యం కాదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఏ ఆచారికి చూపించినా గీటురాయి అవసరం లేకుండా చెప్పేస్తాడు. ఇందులో సిగ్గుపడవలసింది పూత గురించి కాదు, పూత అని చెప్పకపోవడం గురించి. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్.టి. రామారావు స్మారక నాణెం 100 రూపాయలది. హైదరాబాదు టంకశాలలో ముద్రించిన ఆ నాణెంలో వెండి 50 శాతమనీ, రాగి 40 శాతమనీ, మిగతాది నికెల్, జింకు అనీ, అడ్డకొలత 44 మిల్లీమీటర్లనీ అందరికీ తెలిసేలా ప్రకటించారు. దానివల్ల నాణెం గౌరవం తగ్గలేదు. అభిమానులు పోటీపడి కొన్నారు.

అసలు చిక్కు నిధిలో ఉంది. దాత లక్ష రూపాయలు శాశ్వత నిధిగా ఇచ్చాడనుకుందాం. 6 శాతం వడ్డీ వస్తే ఏడాదికి 6,000. ఆ 6,000నూ ప్రతి ఏడూ పూర్తిగా ఖర్చు చేస్తే లక్ష ఎప్పటికీ లక్షగానే ఉంటుంది, వెండి ధర మాత్రం పెరుగుతూ పోతుంది. వడ్డీ రేటు తగ్గిన ఏడాది సమస్య రెట్టింపు. మొదట వెండి మీద పూత, తర్వాత ఇత్తడి మీద పూత, ఆ తర్వాత సర్టిఫికెట్ మాత్రమే, చివరికి ‘ఈ సంవత్సరం ఇవ్వబడలేదు’ అన్న మాట. ఒకసారి ఆగిన పతకాన్ని మళ్లీ మొదలుపెట్టడం కొత్తది పెట్టడం కంటే కష్టమని పరిపాలన తెలిసిన సభ్యులు చెప్పారు. చెరువుకు పూడిక తీయకుండా కట్ట మీద పేరు చెక్కించుకున్నట్టుగా ఉంది మన ఎండోమెంట్ల పద్ధతి.

పై విషయాలన్నీ ఆలోచించి ఈ సమావేశం కింది విధంగా తీర్మానించింది.

తీర్మానం

ఒకటి. ప్రతి విశ్వవిద్యాలయం స్మారక పతకాల రిజిస్టరు ఒకటి పెట్టి, దాన్ని ఎవరైనా చూసేలా తన గ్రంథాలయంలో ఉంచాలని కోరడమైనది. పతకం ఎవరి పేరు మీద ఉంది, ఆ మనిషి ఏ ఊరు, ఏం పని చేశారు, నిధి ఎవరిచ్చారు, ఎంత, ఏ షరతు మీద, ఏ ఏడాది ఎవరికి ఇచ్చారు, ఏ ఏడాది ఎందుకు ఇవ్వలేదు అన్నవన్నీ అందులో ఉండాలి. చివరిది చాలా ముఖ్యం. ఇవ్వని ఏడాదిని ఖాళీగా వదలకుండా కారణం రాస్తేనే రిజిస్టరు నమ్మదగినదవుతుంది. మద్రాసు విశ్వవిద్యాలయం క్యాలెండర్లలోనూ, తిరుపతి, అనంతపురం విశ్వవిద్యాలయాల రికార్డుల్లోనూ ఉన్న మన జిల్లాల పతక గ్రహీతల పేర్లు వెలికితీసి ఇదే రిజిస్టరు మొదటి భాగంగా చేర్చాలి. ఈ పనిని చరిత్ర శాఖ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. వారికి పాత కాగితం చదవడం అలవాటవుతుంది, మనకు రిజిస్టరు అమరుతుంది.

రెండు. పతకం మీద రాత తెలుగులో ఉండాలి. ఇక్కడ సంకోచానికి తావు లేదని సమావేశం గట్టిగా భావించింది. ఇప్పటివరకు దొరికినవాటిలో మొదటి తెలుగు శాసనంగా చరిత్రకారులు చెప్పే ధనంజయుని కలమల్ల శాసనం కడప జిల్లాదే. సుమారు క్రీ.శ. 575లో రాతి మీద తెలుగు చెక్కించుకున్న నేల మీద 2000 తర్వాత పుట్టిన విశ్వవిద్యాలయం ఇంగ్లిషులో మాత్రమే పతకం చెక్కించడం చూడ ముచ్చటగా లేదు. ఇంగ్లిషు కూడా ఉంటే అభ్యంతరం లేదు, అడుగున చిన్నక్షరాల్లో ఉండవచ్చు. డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో సహజంగానే ఉర్దూ ముందు, తెలుగు తర్వాత. పతకంతో పాటు ఒక పేజీ కాగితం ఇవ్వాలి. ఆ పేజీలో పతకానికి పేరిచ్చిన మనిషి కథ ఉండాలి, బిరుదుల జాబితా కాదు. స్నాతకోత్సవ వేదిక మీద ఆ పేజీలోని రెండు వాక్యాలైనా చదవాలి. అతిథి ప్రసంగం నుంచి రెండు నిమిషాలు తగ్గిస్తే సమయం దొరుకుతుంది.

మూడు. పతకం నమూనాలను బయటి దుకాణాల కేటలాగుల నుంచి ఎంచుకోకుండా, కడపలోని ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో గీయించాలి. తయారీ ప్రొద్దుటూరు, కర్నూలు పనివారికి ఇవ్వవచ్చు. ఏ లోహం, ఎంత బరువు, పూత అయితే పూత అని డబ్బీ లోపలి చీటీ మీద రాయాలి. పూత వేసిన దాన్ని ‘స్వర్ణ పతకం’ అని రాయకూడదన్న సవరణ చర్చకు వచ్చి వీగిపోయింది. ఆ మాట ఇప్పుడు మొదటి స్థానానికి పర్యాయపదమైపోయిందనీ, చీటీ నిజం చెబితే చాలనీ ఎక్కువమంది అన్నారు.

నాలుగు. నిధి వడ్డీలో కనీసం నాలుగో వంతు ప్రతి ఏడాదీ అసలులో కలపాలి. వడ్డీ చాలని ఏడాది పతకం రాగితోనైనా చేయించి ఇవ్వాలి గాని మానకూడదు. దాతల నిధిని ఇతర ఖర్చులకు తాత్కాలికంగా వాడుకునే అలవాటు ఎక్కడ ఉన్నా అది ఆగాలి. ఒక్కరే పెద్ద మొత్తం ఇవ్వనక్కర లేకుండా పదిమంది కలిసి ఇచ్చే నిధులను కూడా అంగీకరించాలి. కువైట్‌లో పనిచేస్తూ తాము చదివిన కళాశాలకు ఏదో ఒకటి చేయాలనుకునేవారు మన కడప పల్లెల్లో చాలామంది ఉన్నారు. వారి దగ్గర లక్షలు ఉండకపోవచ్చు. వారిచ్చే చిన్న మొత్తానికి రసీదు, రిజిస్టరులో వరుస ఉంటే చాలు.

ఐదు. పేర్ల విషయం. దీని మీదే చర్చ ఎక్కువసేపు సాగింది. ఇప్పటికే ఒక పేరు మీద ఎక్కడైనా పతకం ఉంటే అదే పేరుతో ఇంకొకటి పెట్టకుండా ఉన్న నిధినే బలపరచాలన్న నియమానికి లోబడి, కింది పేర్లను పాలక మండళ్ల పరిశీలనకు పంపడమైనది.

కరువు, నీరు, వలస మీద పల్లెల్లో తిరిగి పనిచేసిన విద్యార్థికి బుడ్డా వెంగళరెడ్డి పతకం. దీనికి మార్కులు లెక్కలోకి రాకూడదు. గ్రంథాలయ శాస్త్రంలో గానీ వయోజన విద్యలో గానీ పని చూపినవారికి గాడిచర్ల పతకం. న్యాయశాస్త్రంలోనో రాజనీతిశాస్త్రంలోనో ముందు నిలిచిన, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన విద్యార్థికి దామోదరం సంజీవయ్య పతకం. కర్నూలు పక్కన పెద్దపాడులో 1921లో పుట్టి, అనంతపురం ప్రభుత్వ కళాశాలలో చదివి, 1960లో ముఖ్యమంత్రి అయిన సంజీవయ్యగారు దేశంలో ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు. ఆయన పేరున జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విశాఖపట్నంలో ఉంది. పుట్టిన ఊరికి దగ్గర్లో ఏటా ఒక విద్యార్థి చేతికి ఆ పేరు చేరితే బాగుంటుంది.

తెలుగులో సృజనాత్మక రచన చేసే విద్యార్థినికి మొల్ల పతకం. బద్వేలు దగ్గరి గోపవరం ఆమె ఊరని ఇక్కడివారి నమ్మకం. రామాయణం రాసిన కవయిత్రి పేరును విడిగా ‘మహిళా విభాగం’ అన్న శీర్షిక కింద పెట్టవద్దని సభ్యురాళ్లు కోరారు, సమావేశం ఒప్పుకుంది.

బ్రౌన్ పేరు మీద వాదన జరిగింది. 1820లో కడపకు వచ్చి, ఇక్కడ తోట, బంగళా కొని, సొంత జీతం ఖర్చు పెట్టి తాళపత్రాలు రాయించి, పరిష్కరింపజేసిన సి.పి. బ్రౌన్ రుణం తీరేది కాదు. అయితే ఆయన పేరు మీద యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం ఉంది, గ్రంథాలయం ఉంది. ఆ బంగళాలో కూర్చుని ప్రతులు సరిచూసిన జూలూరి అప్పయ్య వంటివారి పేరు మీద ఉన్నదేమీ మనకు కనబడదు. కాబట్టి రాతప్రతుల పరిశోధనకు ఇచ్చే పతకాన్ని ‘బ్రౌన్ పండితుల పతకం’ అని పిలవాలి. ఒక్క మనిషి బొమ్మ కాకుండా గంటం, తాటాకు చెక్కితే సరిపోతుంది.

సైన్సుకు రెండు పేర్లు, రెండూ మనుషులవి కావు. భూగర్భశాస్త్ర పుస్తకాల్లో ప్రపంచమంతటా మన రెండు ఊళ్ల పేర్లు రాళ్ల పేర్లుగా ఉన్నాయి. విలియం కింగ్ 1872లో భారత భూగర్భ సర్వే తరఫున ఈ శిలల గురించి రాసిన గ్రంథం నాటి నుంచి ‘కడప’, ‘కర్నూలు’ అన్నవి శిలా వర్గాల పేర్లుగా స్థిరపడ్డాయి. కాబట్టి క్షేత్ర పరిశోధన చేసిన భూగర్భశాస్త్ర విద్యార్థికి ఇచ్చేది ‘కడప–కర్నూలు శిలా పతకం’. వృక్ష, జంతు శాస్త్రాల్లో అడవి పట్టి పనిచేసినవారికి ‘కలివికోడి పతకం’. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందని పుస్తకాలు రాసేసిన ఆ పక్షి 1986లో లంకమల దగ్గర మళ్లీ కనబడింది. శాస్త్రవేత్తలకు దాన్ని పట్టి చూపించినవాడు అడవి తెలిసిన స్థానికుడు. పతకంతో ఇచ్చే పేజీలో ఆ సంగతి తప్పక ఉండాలి. కలివికోడి పేరేమిటి, నవ్వుతారు అని ఒకరిద్దరు అన్నారు. నవ్వినా ఎందుకు పెట్టారని అడుగుతారు, అడిగితే చెప్పుకోవడానికి కథ ఉంది అన్న జవాబుతో ఆ అభ్యంతరం వీగిపోయింది.

ఆరు. పతకాన్ని దాత కులానికో బంధువర్గానికో పరిమితం చేసే షరతులను ఇకమీదట అంగీకరించకూడదు. పాత షరతులు ఉంటే దాతల కుటుంబాలతో మాట్లాడి మార్పించాలి. దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల విద్యార్థులకు, మొదటి తరం చదువరులకు కేటాయించే పతకాలకు ఈ నియమం వర్తించదు. రెండూ ఒకటే కదా అన్న వాదనను సమావేశం ఒప్పుకోలేదు. ఒకటి ఉన్నవారు తమలో తాము పంచుకోవడం, రెండోది అందనివారికి అందించడం.

ఏడు. గ్రహీతల పేర్లు ఏటా బండ మీద చెక్కించాలి. కడపలో కడప నల్లబండ, కర్నూలులో బేతంచెర్ల బండ వాడవచ్చు. చెక్కడానికి ఆళ్లగడ్డ శిల్పులు దగ్గరలోనే ఉన్నారు. పరిపాలనా భవనం మెట్ల దగ్గర కాకుండా గ్రంథాలయం గోడకు పెట్టాలి.

ఎనిమిది. డిగ్రీ పూర్తయిన ఏడాదిలోపు పతకం చేతికందాలి. స్నాతకోత్సవం వాయిదా పడితే పతకం వాయిదా పడకూడదు. శాఖలోనే చిన్న సభ పెట్టి ఇచ్చేయవచ్చు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరకక, నాలుగేళ్ల తర్వాత పతకాన్ని తండ్రిని పంపి తెప్పించుకున్నవారు మనలోనే ఉన్నారు.

భిన్నాభిప్రాయాలు

రెండింటిని నమోదు చేయాలని నిర్ణయించడమైనది. మొదటిది, పతకాలన్నీ మానేసి ఆ వడ్డీని హాస్టల్ పిల్లల మెస్ బిల్లులకు ఇవ్వాలన్నది. సీమలో చదువు ఆగేది పతకం లేక కాదు, తిండికీ ఫీజుకూ లేక అన్నది ఆ సభ్యుల మాట. ఇందులో నిజం ఉందని సమావేశం ఒప్పుకున్నది. దాత అంగీకరిస్తే పతకంతో పాటు గ్రహీతకు ఆ ఏడాది ఫీజులో కొంత భాగం చెల్లించే ఏర్పాటు చేయాలని నాలుగో అంశానికి ఈ మేరకు సవరణ చేర్చడమైనది. అయితే పతకాలను పూర్తిగా రద్దు చేయాలన్న మాట ఆమోదం పొందలేదు. వెంగళరెడ్డిగారు గంజి పోసినందుకే పతకం వచ్చిందని, రెండూ విరోధులు కావని ఎక్కువమంది అన్నారు.

రెండవది, వేమన పేరున్న విశ్వవిద్యాలయంలో పతకాల గురించి ఇంత హడావిడి ఆయనకే నచ్చదన్నది. పైపై మెరుపును జీవితమంతా ఎగతాళి చేసిన కవి పేరు మీద పూత బంగారం పంచడం ఏం బాగుంటుందని అడిగారు. దీనికి సమావేశం దగ్గర సమాధానం లేదు. వేమన పేరు మీద మాత్రం పతకం పెట్టవద్దని, పెడితే పూత లేని రాగితో పెట్టాలని నమోదు చేయడమైనది.

అమలు

ఈ తీర్మానం ప్రతులను రాయలసీమ, యోగి వేమన, డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ, క్లస్టర్, డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, పాలక మండళ్ల సభ్యులకు పంపాలని నిర్ణయించడమైనది. పాత రికార్డుల్లో మన జిల్లాల పేర్లు చూసేందుకు అనుమతి కోరుతూ మద్రాసు, తిరుపతి, అనంతపురం విశ్వవిద్యాలయాలకు విడిగా ఉత్తరాలు రాయాలి. రిజిస్టరు నమూనా ఒకటి తయారు చేసే బాధ్యతను, లెక్కలు చూసినవారు ఇద్దరు, చరిత్ర చెప్పినవారు ఇద్దరు, ఇటీవల పతకం అందుకున్న విద్యార్థిని ఒకరు ఉన్న ఉపసంఘానికి అప్పగించడమైనది. నమూనా పూర్తయ్యాక తదుపరి సమావేశం కర్నూలులో జరుగుతుంది. ఇంటి అల్మరాలో పాత పతకం ఉన్నవారు ఆ రోజు దాన్ని వెంట తెచ్చి, మీద ఏం రాసి ఉందో ఉపసంఘానికి రాయించాలి.